నొప్పులు నీళ్లలో, కాన్పు గట్టు మీద: ఒక ప్రసవ కేంద్రంపై నా రివ్యూ

ముందుగా రేటింగ్ చెప్పేస్తాను. అయిదుకి నాలుగు. ఈ మార్కులు ఎక్కువగా అక్కడి మిడ్‌వైఫ్‌లకే, అంటే కాన్పులు చేయడంలో శిక్షణ పొందినవాళ్లకే. నొప్పులు పడుతున్న నన్ను గోరువెచ్చని నీళ్ల తొట్టెలోకి ఎప్పుడు దింపాలో, ఎప్పుడు బయటికి రమ్మనాలో వాళ్లకు బాగా తెలుసు. తొట్టె అందంగా ఉందా, గదిలో దీపాలు మెత్తగా వెలుగుతున్నాయా అన్నవి ఆ తర్వాతి సంగతులు.

ఇది నా రెండో కాన్పు. మొదటిది వేరే చోట, మంచం మీద వెల్లకిలా పడుకుని జరిగింది. ఎపిడ్యూరల్, అంటే నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మత్తు ఇచ్చారు, కుట్లు పడ్డాయి, పాప ఆరోగ్యంగా పుట్టింది. ఆ కాన్పు మీద నాకు పెద్దగా కోపం లేదు. కానీ నొప్పులు వస్తున్నంతసేపూ కదలడానికి లేకుండా కట్టేసినట్టు ఉండటం నాకు అస్సలు పడలేదు. మా అక్క తన బిడ్డను ఈ కేంద్రంలోనే నీళ్లలో కన్నది. "నువ్వు కూడా అక్కడికే వెళ్లవే, వేరే ఆలోచన పెట్టుకోకు" అని నెలల తరబడి చెప్పింది. నేనూ నీళ్లలోనే కనాలని మనసులో గట్టిగా పెట్టుకుని వెళ్లాను.

నమోదు చేసుకున్నాక మొదటిసారి కూర్చోబెట్టి మాట్లాడిన మిడ్‌వైఫ్ ఆ పట్టు సడలించింది. పెద్దావిడ, నెమ్మదిగా మాట్లాడుతుంది. "అమ్మా, కాన్పు ఎలా జరగాలనుకుంటున్నారో రాసే మీ బర్త్ ప్లాన్‌లో నీళ్లలో కంటాను అని రాయకండి. నీళ్లలోకి దిగుతాను అని రాయండి. బిడ్డ ఎక్కడ పుట్టాలన్నది ఆ పూట చూసుకుందాం" అంది. అప్పుడు కాస్త నిరాశపడ్డాను. ఇప్పుడు ఆ మాట చెప్పని కేంద్రానికి ఎవరినీ పంపను.

ఎందుకంటే నీళ్లలో నొప్పులు పడటం, నీళ్లలో బిడ్డను కనడం రెండు వేర్వేరు నిర్ణయాలు. వాటి లాభాలూ ఒకటి కావు, జాగ్రత్తలూ ఒకటి కావు. పెద్ద వైద్య సంఘాలు కూడా వీటిని విడివిడిగానే చూస్తాయి. అమెరికాలోని ప్రసూతి, స్త్రీవ్యాధి నిపుణుల సంఘం 2016లో ఇచ్చిన అభిప్రాయం చదివాను. 37 వారాలు నిండి 42 వారాలలోపు ఉన్న, ఏ చిక్కూ లేని గర్భిణులకు నొప్పుల మొదటి దశలో, అంటే గర్భద్వారం తెరుచుకునే దశలో, నీటిలో ఉండే అవకాశం ఇవ్వవచ్చని, దానివల్ల నొప్పుల కాలం తగ్గవచ్చని, ఎపిడ్యూరల్ లాంటి మత్తు వాడకం కూడా తగ్గవచ్చని చెప్పింది. బిడ్డ పుట్టడం మాత్రం నీటి బయటే జరగాలని సిఫారసు చేసింది, నీళ్లలో పుట్టడం గురించి చాలినంత సమాచారం లేదన్నది దాని కారణం. బ్రిటన్‌లో ధోరణి వేరు. అక్కడ చాలా ప్రసవ కేంద్రాల్లో బర్త్ పూల్, అంటే ఈ నీళ్ల తొట్టె, మామూలు విషయం, నీళ్లలో కనడమూ మామూలే. ఒకే ప్రశ్నకు రెండు దేశాల పెద్దలు రెండు రకాలుగా జవాబు చెబుతున్నప్పుడు, మన డాక్టర్ గారు ఒకటి, స్నేహితురాలు ఇంకొకటి చెప్పడంలో వింత లేదు. దానికి టెన్షన్ పడక్కర్లేదు.

నా కాన్పు సంగతికి వస్తాను.

నొప్పులు మొదలవగానే తొట్టెలోకి దూకేయాలని ఉంటుంది ఎవరికైనా. వాళ్లు ఒప్పుకోలేదు. తొలి నొప్పులప్పుడే వేడినీళ్లలో కూర్చుంటే ఒళ్లు మరీ సడలి నొప్పులు మందగించే అవకాశం ఉందట. గర్భద్వారం కొంత తెరుచుకుని, నొప్పులు ఒక లయలో పడ్డాకే నీళ్లు. అందాకా నన్ను వరండాలో నడిపించారు, పెద్ద బంతి మీద కూర్చోబెట్టారు, మా వారితో నడుము రుద్దించారు. నాకు చిరాకేసింది, ఆ చిరాకుని వాళ్లు ఓపిగ్గా భరించారు. దిగే ముందు నా జ్వరం చూశారు, బీపీ చూశారు, బిడ్డ గుండె విన్నారు. నీటి వేడిని థర్మామీటర్‌తో చూసి పలక మీద రాశారు. బ్రిటన్ మార్గదర్శకాల ప్రకారం నీరు 37.5 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు, గంటకోసారి తల్లి ఉష్ణోగ్రత, నీటి ఉష్ణోగ్రత రెండూ చూడాలి. ఈ కేంద్రం అదే పాటిస్తుంది. తల్లి ఒళ్లు వేడెక్కితే లోపలి బిడ్డ ఒళ్లు అంతకన్నా కాస్త ఎక్కువే వేడెక్కుతుంది, గుండె వేగం పెరుగుతుంది. అందుకే ఈ కొలతల విషయంలో వాళ్లు మొహమాటపడరు. "ఇంకొంచెం వేడినీళ్లు పోయండి" అని నేను బతిమాలితే "పోయనమ్మా, అంతే" అని ఆ పెద్దావిడ నవ్వుతూనే కాదంది.

దిగిన క్షణం గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి. పొట్ట పూర్తిగా మునిగి, నీళ్లు రొమ్ముల దాకా వచ్చేసరికి తొమ్మిది నెలలుగా నడుము మీద ఉన్న బరువు తేలిపోయింది. నొప్పి పోలేదు. అది అంతే పదునుగా వచ్చింది, అంతే పదునుగా వెళ్లింది. కానీ రెండు నొప్పుల మధ్య నాకు నిజమైన విశ్రాంతి దొరికింది. మొదటి కాన్పులో ఆ మధ్య సమయమంతా తర్వాతి నొప్పికి భయపడుతూనే గడిపాను. ఇక్కడ గట్టు మీద తల వాల్చి నిజంగా కునుకు తీశాను. మోకాళ్ల మీద కూర్చోవడం, పక్కకి తిరగడం, గట్టు పట్టుకుని వేలాడటం, అన్నీ ఎవరి సాయం లేకుండా నేనే చేసుకోగలిగాను. మంచం మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిరగడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చిన నాకు ఇది ఎంత పెద్ద విషయమో అనుభవించిన వాళ్లకే అర్థమవుతుంది.

అయితే నీళ్లు ఎపిడ్యూరల్‌తో సమానం అనుకుని వెళ్లకండి. వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2018లో తెచ్చిన సమీక్ష 15 అధ్యయనాలను, 3,663 మంది స్త్రీల వివరాలను కలిపి చూసింది. వెన్నులో ఇచ్చే మత్తు అవసరమైనవాళ్లు నీళ్లు వాడని గుంపులో 43 శాతం ఉంటే నీళ్లు వాడిన గుంపులో 39 శాతం. తేడా ఉంది, కానీ చిన్నదే. నీళ్లలో ఉండి నొప్పి తట్టుకోలేక మత్తు అడగాలనిపిస్తే అది ఓటమి కాదు, అడగండి. కాకపోతే ఎపిడ్యూరల్ కావాలంటే బయటికి రావాల్సిందే. ముందుగా పెథిడిన్ లాంటి నొప్పి తగ్గించే ఇంజెక్షన్ తీసుకుంటే రెండు గంటల దాకా నీళ్లలోకి దిగనివ్వరు, మత్తులో తూలితే ప్రమాదం కాబట్టి. నొప్పి తగ్గించే గ్యాస్, అంటే నైట్రస్ ఆక్సైడ్, ఆక్సిజన్ సగం సగం కలిపింది, నీళ్లలో ఉండి కూడా పీల్చవచ్చు. నేను పీల్చాను. తల తిరిగింది, నచ్చలేదు, గొట్టం పక్కన పెట్టేశాను.

బిడ్డ గుండె వినడానికి నీళ్లలో పనిచేసే చేతి డాప్లర్ అనే చిన్న పరికరం వాడారు. మొదటి దశలో ప్రతి పావుగంటకీ, ముక్కే దశలో ప్రతి అయిదు నిమిషాలకీ, నొప్పి తగ్గగానే ఒక నిమిషం పాటు విన్నారు. ఎప్పుడూ నన్ను లేవమనలేదు. సాయం చేసే అమ్మాయి ప్రతిసారీ అంకె పైకి చెప్పి రాసుకునేది. ఆ అంకెలు వినడం మా వారికి ధైర్యం ఇచ్చింది, ఆయన ముఖంలోనే తెలిసింది.

ఇక ముక్కాల్సిన సమయం వచ్చింది. ఇక్కడ నా దారి, అక్క దారి విడిపోయాయి.

అక్కకి నీళ్లలో ముక్కడం సులువుగా ఉందట. బిడ్డ తల తనంతట తానే జారి వచ్చిందని, మిడ్‌వైఫ్ చేతులు కూడా పెట్టలేదని చెబుతుంది. నాకు పూర్తిగా తలకిందులైంది. ముక్కుదామంటే తేలిపోతున్నాను. కాళ్లకి ఆనుడు లేదు. పైగా నొప్పుల మధ్య ఎడం పెరిగింది. కాసేపు ప్రయత్నించాక మిడ్‌వైఫ్ నా పక్కకి వంగి, "బయటికొచ్చి చాప మీద మోకాళ్లు ఆన్చి చూద్దామా? వద్దంటే ఇక్కడే ఉందాం, బిడ్డ బాగానే ఉన్నాడు" అంది. అది ఆజ్ఞ కాదు, అడగడం. నాకు కూడా నేల కావాలనిపించింది. లేచి, ఇద్దరి భుజాలు పట్టుకుని, మెట్టు దిగి, తువ్వాళ్లు పరిచిన చాప మీద మోకాళ్ల మీద కూర్చుని ఆ పెద్ద బంతి మీదకి వాలాను. భూమి బరువు ఒక్కసారిగా తిరిగొచ్చింది. ఆ బరువే నాకు సాయపడింది. బాబు కాసేపట్లోనే వచ్చేశాడు. నా కాళ్ల మధ్య నుంచి ముందుకి అందించారు, నేనే ఎత్తుకున్నాను.

నీళ్లలో కనలేకపోయానే అన్న వెలితి ఉందా అని అక్క అడిగింది. లేదు. నాకు కావలసినదాన్ని నీళ్లు అప్పటికే ఇచ్చేశాయి. అలసిపోకుండా ముక్కే దశ దాకా తీసుకొచ్చాయి.

కానీ అక్కలా నీళ్లలోనే కనాలనుకునేవాళ్లు భయపడాలా? చదివినంతలో, గర్భంలో చిక్కులు లేని స్త్రీలకు, అలవాటున్న మిడ్‌వైఫ్‌ల చేతిలో, భయపడక్కర్లేదని నా నమ్మకం. ఈ విషయంలో నేను ఎక్కువ బరువిచ్చేది బ్రిటన్‌లో జరిగిన పూల్ అధ్యయనానికి. 26 ప్రభుత్వ ప్రసూతి సేవల్లో 2015 నుంచి 2022 మధ్య నొప్పులప్పుడు నీటిని వాడిన 73,229 మంది వివరాలు తీసుకున్నారు, ఫలితాలు 2024లో వచ్చాయి. తొలి కాన్పు స్త్రీలలో మలద్వారం కండరాల దాకా చీలే తీవ్రమైన గాయం నీళ్లలో కన్నవాళ్లకి 4.8 శాతం, బయటికొచ్చి కన్నవాళ్లకి 5.3 శాతం. అంతకుముందు కన్న అనుభవం ఉన్నవాళ్లలో 1.1, 1.7. బిడ్డలకు కూడా నీళ్లలో పుట్టడం వల్ల ముప్పు పెరిగినట్టు కనిపించలేదు.

అదే అధ్యయనంలో ఇంకో అంకె నాకు ఇంకా ముఖ్యం అనిపించింది. ఆ 73,229 మందిలో 12,827 మందికి, అంటే 17.5 శాతం మందికి, కాన్పుకి ముందే డాక్టర్ల జోక్యమో మత్తో అవసరమైంది. వీళ్లంతా ఏ చిక్కూ లేదని ఎంచి నీళ్లలోకి దింపినవాళ్లే. అంటే సుమారు ఆరుగురిలో ఒకరి ప్రణాళిక మారింది. బయటికి రావాల్సి రావడం అరుదైన దురదృష్టం కాదు, ముందే లెక్కలో పెట్టుకోవాల్సిన మామూలు సంగతి. కరపత్రాల్లో నీళ్లలో నవ్వుతున్న తల్లుల ఫోటోలు మాత్రమే ఉంటే ఈ సంగతి ఎవరికి తెలుస్తుంది?

నీళ్లలో పుట్టే బిడ్డ నీళ్లు మింగడా అని మా అత్తగారు అడిగారు. అందరూ అడిగేదే. బొడ్డుతాడు ద్వారా ఆక్సిజన్ అందుతున్నంతసేపు ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఊపిరి తీసుకోదు. ముఖానికి గాలి, చల్లదనం తగిలాకే ఆ పని మొదలవుతుంది. అందుకే తల కూడా, ఒళ్లు కూడా నీటి కిందే వచ్చి, ఆ వెంటనే ముఖం పైకి రావాలి. తల ఒకసారి గాలిలోకి వచ్చాక మళ్లీ ముంచకూడదు, తల్లి మధ్యలో లేచి నిలబడితే మిగతా కాన్పు బయటే జరగాలి. ఆక్సిజన్ చాలక ఇబ్బందిపడుతున్న బిడ్డ మాత్రం నీటి కిందే ఊపిరి లాగే ప్రమాదం ఉంది. కాబట్టి గుండె చప్పుడులో తేడా కనిపిస్తే, ఉమ్మనీటిలో బిడ్డ మలం చిక్కగా కలిసి కనిపిస్తే, రక్తం పోతుంటే, తల్లికి జ్వరం వస్తే వాదన లేకుండా బయటికి రావాలి. ఎందుకు లేవమన్నారని తర్వాత అడగవచ్చు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బొడ్డుతాడు. బిడ్డను నీటి అడుగు నుంచి ఆత్రంగా పైకి లాగితే, తాడు పొట్టిగా ఉంటే, అది తెగవచ్చు. పైన చెప్పిన పూల్ అధ్యయనంలో క్లాంప్ (తాడుని బిగించే క్లిప్పు) పెట్టకముందే తాడు తెగడం నీళ్లలో కన్నవాళ్లలో వందకి ఒకటి, బయట కన్నవాళ్లలో వెయ్యికి మూడు. వెంటనే గమనించి క్లాంప్ వేస్తే ఇబ్బంది తప్పుతుంది, గమనించకపోతే బిడ్డకు రక్తం పోతుంది. అక్క బిడ్డను పైకి తెచ్చేటప్పుడు మిడ్‌వైఫ్ "మెల్లగా, మెల్లగా, తాడు చూసుకోండి" అంటూనే ఉందట. క్లాంపులు తొట్టె గట్టు మీదే పెట్టుకుంది. మీరు వెళ్లే చోట క్లాంపులు ఎక్కడ పెడతారని అడగండి. చిన్న ప్రశ్నలా ఉంటుంది, కానీ ఆ జవాబుతో వాళ్ల తయారీ ఎంతో తెలిసిపోతుంది. అన్నట్టు, నీళ్లలో పుట్టిన బిడ్డలు తరచుగా గట్టిగా ఏడవరు. అక్క బిడ్డ కళ్లు తెరిచి చూస్తూ ఊరుకుంటే మా అమ్మ హడలిపోయింది. రంగు, ఊపిరి, గుండె బాగుంటే ఏడవకపోయినా పరవాలేదు.

అందరికీ ఈ అవకాశం లేదు, ఉండకూడదు కూడా. కవలలు, ఎదురుకాళ్ల బిడ్డ, నెలలు నిండని కాన్పు, బీపీ పెరిగే ప్రీఎక్లాంప్సియా, మూర్ఛలు, ఆ సమయంలో జననాంగాల దగ్గర హెర్పిస్ పుండ్లు ఉన్నవాళ్లను ఇక్కడ నీళ్లలోకి తీసుకోరు. ముందు సిజేరియన్ అయినవాళ్ల విషయంలో ఒక్కో చోట ఒక్కో పద్ధతి ఉంటుంది, డాక్టర్ గారితో విడిగా మాట్లాడుకోవాలి. కాదన్నారంటే మీ మీద నిర్లక్ష్యం అనుకోకండి. ఎవరినైనా సరే తీసుకుంటాం అనే చోటుకే నేను వెళ్లను.

శుభ్రత విషయంలో ఈ కేంద్రానికి పూర్తి మార్కులు. ప్రతి కాన్పుకీ తొట్టె లోపల పరిచే కొత్త లైనర్ షీటు, నీళ్లు పట్టే కొత్త గొట్టం. నీళ్లు అప్పటికప్పుడే పట్టారు, ముందురోజు నింపి వేడి చేసి ఉంచలేదు. గోరువెచ్చని నీళ్లు నిలవ ఉంటే లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, అది బిడ్డ ఊపిరితిత్తులకు ప్రాణాంతకం కావచ్చు. అమెరికాలో నీటి కాన్పుల తర్వాత పసిబిడ్డలకు ఈ జబ్బు సోకిన కేసులు నమోదయ్యాయి. ఇంటి దగ్గర అద్దె తొట్టె పెట్టుకోవాలనుకునేవాళ్లు హీటర్, పంపుతో నీళ్లు తిప్పే రకం తీసుకుని ముందుగా నింపి ఉంచడం మానుకోవాలి. ముక్కేటప్పుడు మలం రావడం సహజం. దానికి వాళ్లు చిన్న జల్లెడ పెట్టుకుని, ఎవరికీ తెలియకుండా తీసేస్తారు. సిగ్గుపడుతున్నవాళ్ల కోసం ఈ సంగతి రాస్తున్నాను.

మాయ పడటానికి నేను ఎలాగూ బయటే ఉన్నాను. అక్కని కూడా బిడ్డ పుట్టాక బయటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టే మాయ తీశారు. నీళ్లలో ఎంత రక్తం పోయిందో అంచనా కట్టడం కష్టం, ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇవ్వాలన్నా బయటే వీలు. తడిసిన ఒంటితో వణుకుతూ ఆ కొద్ది అడుగులు వేయడం తనకు కష్టమైందని అక్క చెప్పింది. నాకు ఆ బాధ తప్పింది.

ఇప్పుడు తగ్గించిన ఆ ఒక్క మార్కు సంగతి. ఆ కేంద్రంలో తొట్టె ఒక్కటే. నాకంటే ముందు ఎవరైనా అందులో ఉంటే నాకు దొరికేది కాదు. ఈ మాట నమోదు సమయంలో ఎవరూ చెప్పలేదు, చివరి నెలలో నేను అడిగితేనే తెలిసింది. డబ్బు కట్టించుకునే ముందే చెప్పాల్సిన మాట ఇది. తొట్టె నింపడానికి చాలా సేపు పట్టింది, రెండో కాన్పులు త్వరగా అయిపోతాయి కాబట్టి ఇంకాస్త ముందే మొదలుపెట్టాల్సింది. నేల మీద జారకుండా వేసే మ్యాట్ తొట్టె ఒక వైపే ఉంది, నేను దిగిన వైపు లేదు. నొప్పి మధ్యలో తడి కాళ్లతో నడిచే మనిషికి అన్ని వైపులా ఉండాలి. ఈ మూడూ వాళ్లకు రాతపూర్వకంగా ఇచ్చాను. మ్యాట్ మాత్రం అక్క తర్వాత వెళ్లినప్పుడు వేసి ఉందట.

మీరు ఏ కేంద్రానికి వెళ్లినా తొట్టె చూపించమని అడగడంతో ఆగకండి. స్పృహ తప్పిన తల్లిని ఇందులోంచి ఎలా తీస్తారో చూపించమనండి. ఇక్కడ నాకు వల చూపించారు, ఎవరు ఏ మూల పట్టుకుంటారో చెప్పారు, అభ్యాసం చేసిన తేదీలు రాసిన పుస్తకం చూపించారు. రాత్రి డ్యూటీలో ఉండేవాళ్లకూ ఈ శిక్షణ ఉందా అని కూడా అడగండి, నొప్పులు ఎక్కువగా అర్ధరాత్రే మొదలవుతాయి అనిపిస్తుంది నాకు. అత్యవసరమైతే ఆపరేషన్ థియేటర్ అదే భవనంలో ఉందా, లేకపోతే అంబులెన్స్ ఎంతసేపట్లో చేరుస్తుంది అన్నది మూడో ప్రశ్న. ఈ మూడింటికీ తడబడకుండా జవాబు చెప్పిన చోట నీళ్లలో కన్నా, గట్టు మీద కన్నా మీరు మంచి చేతుల్లోనే ఉన్నట్టు.